ఇరుసు కింద జాగా

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే దారిలోనో, బాపట్ల నుంచి సూర్యలంక వైపో కాస్త పరకాయించి చూస్తే ఒక రకం బండి కంటపడుతుంది. పదేళ్ళు దాటిన బొలేరో క్యాంపరో, అంతకంటే పాతదైన మహీంద్రా జీపో అయి ఉంటుంది. బాడీ ఉండాల్సిన చోటికంటే జానెడు పైకి లేచి ఉంటుంది. మడ్‌గార్డు దాటి బయటికి వచ్చిన వెడల్పాటి టైర్లు, ముందు ఇనప బంపరు. ఇలాంటి బండిని చూసి ముచ్చటపడిన కుర్రాళ్ళు మెకానిక్కుల దగ్గరికి రావడం మామూలే. ఇప్పుడు రొయ్యల చెరువులున్న రైతులూ, లంకల్లో అరటి, పసుపు, కంద పండించేవాళ్ళూ, మేత బస్తాలు తోలే డ్రైవర్లూ అదే మాట అడుగుతున్నారు: "బండి లేపిద్దామా? పెద్ద టైర్లు వేద్దామా?"

దీనికి అవుననో కాదనో ఒక్కమాటలో చెప్పేవాళ్ళు బోలెడుమంది. వాళ్ళలో సగం మంది కిట్లు అమ్ముకునేవాళ్ళు. మిగతా సగం మంది ఎడారుల్లో, కొండల్లో బండ్లు నడిపే విదేశీ వీడియోలు చూసినవాళ్ళు. రాళ్ళ గుట్టలెక్కే బండికి పనికొచ్చింది రేగడి బురదలో కూరుకుపోయే బండికీ పనికొస్తుందన్న నమ్మకం లేదు. కాబట్టి మొదలు పెట్టాల్సింది బండి దగ్గర కాదు, నేల దగ్గర.

తెనాలి, రేపల్లె, బాపట్ల, ఈ మూడు ఊళ్ళ చుట్టూ నేల ఒక్కలా ఉండదు. తెనాలి చుట్టూ కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల కింద మాగాణి, నల్లరేగడి. కొల్లూరు, భట్టిప్రోలు వైపు కరకట్ట దాటితే లంకల మేట నేల, ఒండ్రు. రేపల్లె దాటి నిజాంపట్నం వైపు దిగితే ఉప్పు తగిలిన బంకమట్టి, చెరువు గట్లు, మొగలు, మడ అడవులు. బాపట్ల నుంచి చీరాల వైపు తీరం వెంట ఇసుక. రేపల్లె, బాపట్ల, చీరాలని కలిపే 216 జాతీయ రహదారి చక్కని తారురోడ్డు. మన బండి నూటికి తొంభై పాళ్ళు తిరిగేది తారు మీదే. ఇబ్బంది వచ్చేది ఆఖరి ఒకటి రెండు కిలోమీటర్ల డొంకలో. కిట్టు కొనే ముందు ఈ తొంభై, పది లెక్క ప్రతివాడూ వేసుకోవాలి.

డొంకలో బండి ఆగిపోవడానికి కారణాలు మూడు. టైరుకు పట్టు దొరక్క ఉన్నచోటే తిరగడం మొదటిది. గాళ్ళు లోతుగా పడి, నడుమ మట్టి దిబ్బ ఇరుసుకు ఆనుకుని చక్రాలు గాలిలో ఉన్నట్టవడం రెండోది. నీళ్ళు ఇంజన్లోకో ఇరుసులోకో పోవడం మూడోది. మన దగ్గర ఎక్కువగా జరిగేది మొదటిదే. దానికి ఎత్తుతో సంబంధం లేదు. రెండోదానికి ఎత్తు అవసరమే, అయితే ఆ ఎత్తు ఎక్కడ పెరగాలన్నది అసలు ప్రశ్న.

లిఫ్ట్ కిట్టు వేస్తే చాసిస్ లేస్తుంది, బాడీ లేస్తుంది, ఇంజన్ లేస్తుంది. ఇరుసు మాత్రం లేవదు. ఇరుసుకు బిగించి ఉన్నదేదీ అంగుళం కూడా కదలదు. వెనక ఇరుసు నడుమ లావుగా ఉండే డిఫరెన్షియల్ ముందు ఎంత ఎత్తులో ఉందో, నలభై వేలు పోసి బండి లేపించాక కూడా అంతే ఎత్తులో ఉంటుంది. పాత జీపుల్లో, పికప్పుల్లో బురద దిబ్బకు ముందు తగిలేది అదే. దాన్ని పైకి తీసుకెళ్ళేది టైరు ఒక్కటే, అదీ టైరు ఎత్తులో పెరిగినదానిలో సగం మాత్రమే. లిఫ్ట్ చేసే పని, పెద్ద టైరు గుంటలో పడి లేచినప్పుడు మడ్‌గార్డుకు తగలకుండా జాగా ఇవ్వడం. దీంతో పాటు ముందూ వెనకా బంపర్ల కింద, చాసిస్ నడుమ కింద కొంత ఖాళీ పెరుగుతుంది. గట్టు మీదికి నిట్టనిలువుగా ఎక్కేటప్పుడు అదీ పనికొస్తుంది. కాదనను.

ఇప్పుడు లెక్క. చాలా బొలేరోల మీద వచ్చే టైరు 215/75 ఆర్ 15. దీని మొత్తం ఎత్తు దాదాపు 703 మిల్లీమీటర్లు. దీని బదులు 235/75 ఆర్ 15 వేస్తే ఎత్తు 733 అవుతుంది. ముప్ఫై పెరిగింది, ఇరుసు కింద పదిహేను మిల్లీమీటర్లు దక్కింది. కుర్రాళ్ళు మోజుపడే 31 అంగుళాల టైరు వేస్తే ఎత్తు 787 అవుతుంది, ఇరుసు కింద దక్కేది నలభై రెండు మిల్లీమీటర్లు. అంగుళంన్నర కంటే కాస్త ఎక్కువ. ఆ అంగుళంన్నర కోసం ఏమేం ఇవ్వాల్సి వస్తుందో చూద్దాం.

ఆ 31 అంగుళాల టైరు పాతదానికంటే దాదాపు 12 శాతం ఎత్తు. స్పీడోమీటరు ఎనభై చూపిస్తుంటే బండి నిజానికి తొంభైకి దగ్గరగా పోతుంటుంది. ఓడోమీటరు తక్కువ తిరుగుతుంది కాబట్టి మైలేజీ లెక్కా తప్పుతుంది. ఇంజన్ నుంచి చక్రానికి వచ్చే తిప్పుడు బలం మారదు. చక్రం ఎత్తయ్యింది గనక నేల దగ్గర ఆ లాగుడు పదో వంతు పైన తగ్గుతుంది. అంటే మూడో గేరులో లాగే చోట రెండో గేరుకు దిగాలి. పాత మహీంద్రాల్లో కొన్నిటికి ఉన్నవి ప్యూజో లైసెన్సు డీజిల్ ఇంజన్లు. ఓపికగా లాగే ఇంజన్లే, అయితే వాటి దగ్గర మిగులు బలం తక్కువ. ఇరవై ఏళ్ళు నడిచిన ఇంజన్లో ఆ మిగులూ అరిగిపోయి ఉంటుంది. క్లచ్ ప్లేటు ముందు చెబుతుంది ఈ సంగతి.

బ్రేకుదీ అదే లెక్క. డ్రమ్ము పట్టే బలం మారదు, చక్రం ఎత్తు పెరిగితే నేల దగ్గర ఆపే బలం పదో వంతు తగ్గుతుంది. దానికి తోడు వెడల్పాటి టైరు, లావాటి వీల్ డిస్కు కలిసి బరువెక్కువ. తిరిగే బరువును ఆపడం ఇంకా కష్టం. తెనాలి గంగానమ్మపేట సందుల్లో ఇది తెలియదు. 216 మీద డెబ్బైలో పోతుంటే గేదె అడ్డం వచ్చినప్పుడు తెలుస్తుంది.

టైరు ఎంపికలో ఎత్తు కంటే పెద్ద విషయాలు రెండున్నాయి. ఒకటి ట్రెడ్, అంటే టైరు మీది లగ్గుల తీరు. రేగడి మట్టి తడిస్తే జిగురు. మామూలు హైవే టైరు నాలుగు చుట్లు తిరిగేసరికి సందులన్నీ మట్టితో పూడిపోయి, టైరు నున్నటి దుంగలా మారుతుంది. అక్కడి నుంచి ఎంత రేసు ఇచ్చినా గొయ్యి తవ్వడమే. పెద్ద లగ్గులు, మధ్యలో ఎడం ఎక్కువ ఉన్న టైరయితే తిరుగుతూ మట్టిని విదిలించుకుంటుంది. మన ట్రాక్టరు వెనక టైరు చేసే పని అదే. లారీవాళ్ళు రిబ్, లగ్ అని విడదీసి, ముందు రిబ్బు, వెనక లగ్గు వేసుకోవడం వెనక ఉన్న తెలివీ అదే. వచ్చిన సైజులోనే పాత హైవే టైరు తీసి మంచి ఆల్ టెరైన్ టైరు వేస్తే, ఒక్క అంగుళమూ లేపకుండానే బండి నడిచే డొంకలు పెరుగుతాయి. పూర్తి మడ్ టెరైన్ టైరు ఇంకా బాగా లాగుతుంది. కానీ తారు మీద మోత, తడి తారు మీద తక్కువ పట్టు, తొందరగా అరుగుదల దాని వెంట వస్తాయి. తొంభై పాళ్ళు తారు మీద తిరిగే బండికి దాన్ని నేను సిఫారసు చేయను.

రెండోది మోసే శక్తి. పికప్పులు నడిపేవాళ్ళు చాలామంది దెబ్బతినేది ఇక్కడే. టైరు పెద్దదిగా కనబడితే ఎక్కువ మోస్తుందనుకోవడం సహజం. టైరు పక్కన సైజు తర్వాత ఒక అంకె ఉంటుంది, అది చదవాలి. 105 అని ఉంటే ఆ టైరు మోయగలిగింది 925 కిలోలు. వెనక రెండూ కలిపి 1850. మేత బస్తాలు వేసుకున్న పికప్పుకు వెనక ఇరుసు మీద రెండు టన్నుల బరువు పడితే, జీపు కోసం చేసిన ఆ అందమైన వెడల్పాటి టైరు పక్కగోడ రోజూ అలిసిపోతూ ఉంటుంది. ఒకనాడు మే నెల మధ్యాహ్నం పగులుతుంది. సరుకు బండ్లకు వచ్చే ఎల్‌టీ టైరు సన్నగా, బక్కగా కనబడినా బరువు కోసం చేసింది. లోడు తోలే బండికి ఈ అంకె తగ్గే టైరు వేయకూడదు, అది ఎంత చవగ్గా వచ్చినా సరే.

చవక అంటే గుర్తొచ్చింది. విజయవాడ ఆటోనగర్ నుంచి వాడిన మడ్ టైర్లు సగం ధరకు తెచ్చుకుంటుంటారు. లగ్గులు నిండుగా కనిపిస్తాయి. పక్కగోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2316 అని ఉంటే 2016లో ఇరవై మూడో వారంలో చేసింది. ఎండలో పడి ఉన్న రబ్బరు ఈపాటికి గట్టిపడి ఉంటుంది. గోరుతో నొక్కి చూస్తే దిగదు, లగ్గుల మొదట్లో సన్నటి పగుళ్ళు కనిపిస్తాయి. గట్టిపడిన లగ్గు బురదను పట్టుకోలేదు.

సన్నటి టైరు మంచిదా, వెడల్పాటిదా అన్న తగాదా ఎప్పటి నుంచో ఉంది. నేలను బట్టి జవాబు మారుతుంది. పైన పల్చటి బురద ఉండి కింద గట్టి నేల తగిలే లంక దారిలో సన్నటిది గెలుస్తుంది, ఎందుకంటే అది బురదను కోసుకుని కిందికి దిగి పట్టు దొరకబుచ్చుకుంటుంది. పాత ఎంఎం 540, మేజర్ జీపులు 6.00-16 సైజు సన్నటి టైర్ల మీదే బతికాయి. వాటికి 7.00-16 వేసుకునే అలవాటు పాతదే. ఎత్తు దాదాపు రెండంగుళాలు పెరుగుతుంది, వెడల్పు పెద్దగా పెరగదు, ఇరుసు కింద అంగుళం దక్కుతుంది. ఫ్యాషన్ బండ్ల వెడల్పాటి టైర్ల కంటే నాకు ఈ పాత పద్ధతే మేలనిపిస్తుంది. కానీ రేపల్లె దిగువన నానిన బంక నేలలో, సూర్యలంక ఇసుకలో సన్నటి టైరు దిగబడుతూనే పోతుంది, అడుగున గట్టి నేల తగలదు. అక్కడ వెడల్పు కావాలి, లేదా గాలి తీయాలి. ముప్ఫై పౌండ్ల గాలిని పదహారు, పద్దెనిమిదికి దించితే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది, అదే ఇసుక అదే బండిని మోస్తుంది. పైసా ఖర్చు లేదు. తిరిగి తారెక్కే ముందు గాలి నింపడానికి చిన్న కంప్రెసరు దగ్గరుండాలి. తక్కువ గాలితో తారు మీద వేగంగా పోతే టైరు కాగి పగులుతుంది, లోడుతో అయితే మరీను. బీచ్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకో ముక్క: జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరంలోనే గుడ్లు పెడతాయి. ఆ ఇసుక మీద బండ్ల సరదా ఎవరికీ వద్దు.

ఇక లేపడం గురించి. ఎన్ని రకాలుగా లేపొచ్చో, ఏది ఎక్కడ దెబ్బకొడుతుందో ఊళ్ళో మెకానిక్కులకు బాగానే తెలుసు. తెలిసినదంతా గిరాకీకి చెప్పరు, అంతే.

అందరూ ముందు చేయించేది కమాన్ (లీఫ్ స్ప్రింగ్) పట్టీ ఎక్కించడం. కట్టలో అదనంగా ఒకటో రెండో పట్టీలు వేస్తే బండి లేస్తుంది, గట్టిపడుతుంది. లోడు బండికి ఇది పాత అలవాటు. ఖాళీగా పోయేటప్పుడు మాత్రం వెనక ఎగిరెగిరి పడుతుంది, తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే వెనక టైర్లు పట్టు తప్పి జారతాయి. పట్టీ ఎక్కించినంత మాత్రాన ఎక్కువ బరువు వేసుకోవచ్చన్న భ్రమ కూడా ఉంది. ఆర్సీలో రాసిన బరువు మారదు, ఇరుసు మారదు, హబ్ బేరింగులు మారవు. ఓవర్‌లోడుకు 2019 సవరణ తర్వాత కేంద్ర మోటారు వాహనాల చట్టంలో జరిమానా ఇరవై వేలు, ఆపైన ప్రతి టన్నుకూ రెండు వేలు.

షాకిల్ పొడుగు చేయడం చవకైన పద్ధతి. కమాన్ కట్ట చివర చాసిస్‌కు వేలాడే ఆ జత పట్టీలను రెండంగుళాలు పొడుగు చేస్తే బండి లేచేది అంగుళమే. ముందు కమాన్లకు ఇలా చేస్తే ఇరుసు కాస్త తిరిగి, కింగ్ పిన్ వాలు మారుతుంది. ఆ వాలే స్టీరింగును తనంతట తాను నిటారుగా వచ్చేలా చేస్తుంది. అది తగ్గితే హైవే మీద స్టీరింగు అటూ ఇటూ తేలుతుంది, ఒక్కోసారి చిన్న గుంటలో పడగానే ముందు చక్రాలు రెండూ గడగడా వణికిపోతాయి. ఆ వణుకు ఒకసారి అనుభవించిన డ్రైవరు మళ్ళీ ఆ బండెక్కడు.

ఇరుసుకూ కమానుకూ మధ్య ఇనప దిమ్మె పెట్టడం ఇంకో దారి. వెనక ఇరుసుకు, తక్కువ ఎత్తుకు, కొత్త పొడుగాటి యూ బోల్టులతో సరే. ముందు ఇరుసుకు దిమ్మెలు పెట్టకూడదు. బ్రేకు వేసినప్పుడు ఇరుసు మెలి తిరిగే బలమంతా ఆ దిమ్మెల మీద పడుతుంది. పాత యూ బోల్టులనే మళ్ళీ బిగించే అలవాటు మన దగ్గర ఉంది. ఒకసారి సాగిన బోల్టు మళ్ళీ అంత పట్టు పట్టదు. కొత్తవి వేయాలి, కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక మళ్ళీ బిగించాలి.

పాత జీపుల్లో కమాన్ కట్ట ఇరుసు కింద ఉంటుంది. దాన్ని ఇరుసు పైకి మార్చేసే పని జీపు పిచ్చివాళ్ళకు బాగా ఇష్టం. ఇరుసు గొట్టం లావు, కమాన్ కట్ట మందం రెండూ కలిపి ఒక్కసారే ఐదారంగుళాలు లేస్తుంది, పైగా కొత్త కమాన్లు కొనక్కర్లేదు. చూడ్డానికి బ్రహ్మాండం. చేయాల్సింది ఇరుసు మీద కమాన్ కట్ట కూర్చునే కొత్త ప్లేట్లు వెల్డింగ్ చేయడం. ఆ వెల్డింగ్ వేడికి ఇరుసు గొట్టం వంగితే చక్రాలు జీవితాంతం ఓరగా తిరుగుతాయి. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం ఎక్కువై క్రాసులు కొట్టుకుపోతాయి. స్టీరింగు డ్రాగ్ లింకు బాగా వాలిపోయి, గుంట తగిలినప్పుడల్లా స్టీరింగు చేతిలో ఎగురుతుంది. బ్రేకు హోసులు సాగిపోతాయి. షాకబ్జర్లు పొట్టివవుతాయి. ఇవన్నీ సరిచేసేవాడు చేస్తాడు. సగం చేసి ఆపేసిన జీపులే నేను ఎక్కువ చూశాను. వాటిలో కూర్చుంటే కరకట్ట మీద నలభై దాటాలంటే భయమేస్తుంది.

బాడీ లిఫ్టంటే చాసిస్‌కూ క్యాబిన్‌కూ మధ్య దిమ్మెలు పెట్టి బాడీని మాత్రం లేపడం. టైరుకు జాగా ఇస్తుంది, సస్పెన్షన్ జోలికి పోదు. స్టీరింగు కాలమ్, గేరు రాడ్డు, రేడియేటరు దగ్గర ఫ్యాను కవరు, వైరింగు అన్నీ చూసుకోవాలి. అంగుళం, అంగుళంన్నర వరకు పరవాలేదు. ముందు కాయిల్ స్ప్రింగులున్న బొలేరోల్లో కప్పులు పెట్టి లేపుతారు, అక్కడ బాల్ జాయింట్లూ డ్రైవ్ కోణాలూ కమాన్ బండికంటే తొందరగా హద్దు దాటతాయి.

ఇంతకంటే పెద్ద చిక్కు చెరువు గట్టు మీద ఉంటుంది. గట్టు వెడల్పు బండి వెడల్పు కంటే పెద్ద ఎక్కువేం ఉండదు, వానకు ఒక పక్క కుంగి ఉంటుంది. లెక్క కోసం చక్రాల మధ్య ఎడం 1400 మిల్లీమీటర్లు, బండి బరువు కేంద్రం నేల నుంచి 700 ఎత్తులో ఉందనుకుందాం. అది బోర్లా పడటానికి 45 డిగ్రీలు వాలాలి. నాలుగంగుళాలు లేపి ఆ కేంద్రాన్ని 780కి తీసుకెళ్తే హద్దు 42కి వస్తుంది. మూడు డిగ్రీలేగా అనిపిస్తుంది. ఇది కదలకుండా నిలబడ్డ ఖాళీ బండి లెక్క. వెనక ఐసు వేసిన రొయ్యల ట్రేలు మనిషెత్తు పేర్చితే కేంద్రం ఇంకా పైకి పోతుంది. మలుపులో సరుకు ఊగుతుంది. మెత్తటి గట్టు అంచు కుంగుతుంది. మూడు డిగ్రీలు అక్కడ కావాల్సి వస్తాయి.

వరద నీటి గురించి కూడా ఒక అపోహ ఉంది, ఎత్తు బండయితే నీళ్ళలో పోవచ్చని. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు దిగినప్పుడు కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె వైపు లంకలు మునిగాయి. ఇలాంటప్పుడు ఎత్తు బండి ఉన్నవాడికి ధైర్యం ఎక్కువవుతుంది. పారే నీరు రెండడుగులుంటే చాలు, పికప్పును కూడా నెట్టుకుపోగలదు. పెద్ద టైర్లలో గాలెక్కువ కాబట్టి బండి ఇంకాస్త తొందరగా తేలుతుంది కూడా. నిలిచిన నీటిలో మాత్రం, ఇంజన్ గాలి పీల్చే గొట్టం ఎత్తులో ఉండి, అడుగున రోడ్డు ఉందని తెలిస్తే, నెమ్మదిగా పోవచ్చు. దానికి బండి లేపనక్కర్లేదు.

అంతకంటే ముందు బ్రీదర్ చూడాలి. తారు మీద ముప్ఫై కిలోమీటర్లు వచ్చి కాగిన వెనక ఇరుసు ఒక్కసారి చల్లటి నీళ్ళలోకి దిగితే, లోపలి గాలి ముడుచుకుని బయటి నీటిని లోపలికి పీలుస్తుంది. ఇరుసు మీద చిన్న మూతలా ఉండే బ్రీదర్ గుండానో, అరిగిన ఆయిల్ సీలు గుండానో నీళ్ళు పోతాయి. కొన్నాళ్ళకు డిఫరెన్షియల్ ఆయిల్ తీసి చూస్తే పాలు కలిసిన కాఫీలా ఉంటుంది. అప్పటికే క్రౌన్ పినియన్ పళ్ళు దెబ్బతిని ఉంటాయి. ఆ బ్రీదర్‌కు గజంన్నర రబ్బరు గొట్టం తగిలించి పైకి తెచ్చి చాసిస్‌కు కట్టేస్తే చాలు. ఇంత చవకైన పని చేయించిన బండ్లు ఈ చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో చూస్తే, ఎత్తు మీద మనకున్న మోజు ఎంతదో తెలుస్తుంది.

రేపల్లె, నిజాంపట్నం వైపు బండ్లకు ఇంకో జబ్బుంది, ఉప్పు. చెరువు నీళ్ళు, ఐసు కరిగిన నీళ్ళు రోజూ ట్రేల నుంచి కారి చాసిస్ మీద, కమాన్ పట్టీల సందుల్లో నిలుస్తాయి. కమాన్ కట్ట బయటికి బాగానే కనిపిస్తుంది, విప్పితే పట్టీల మధ్య తుప్పు పొరలు పొరలుగా రాలుతుంది. తుప్పు తిన్న పట్టీ వంపు పోయి చదునవుతుంది. "బండి కిందికి దిగిపోయింది, లేపాలి" అనుకునే బండ్లలో చాలావాటికి అసలు జబ్బు ఇదే. కంపెనీ ఇచ్చిన ఎత్తు అప్పటికే అంగుళంన్నర పోయి ఉంటుంది. కొత్త కమాన్ కట్టలు, కొత్త బుష్షులు, కొత్త షాకబ్జర్లు వేస్తే ఆ అంగుళంన్నర తిరిగి వస్తుంది, చట్టం చిక్కు లేకుండా, స్టీరింగు చెడకుండా. పాత పట్టీలను కాల్చి వంపు కొట్టించడం చవకే, కానీ సరిగా వేడి చేసి చల్లార్చకపోతే కొద్ది నెలల్లో మళ్ళీ చదునవుతాయి, లేదా విరుగుతాయి. విరిగేది ఎప్పుడూ లోడుతో ఉన్నప్పుడే.

మంచి మెకానిక్కు లిఫ్ట్ మాట ఎత్తగానే చేసే పని ఒకటుంది. చిన్న సుత్తి తీసుకుని బండి కిందికి దూరి, షాకిల్ బ్రాకెట్ల దగ్గర, వెనక కమాను చాసిస్‌ను పట్టుకునే చోట టకటకా కొట్టుకుంటూ పోతాడు. మంచి ఇనుము ఖంగుమంటుంది. ఒకచోట చప్పుడు మొద్దుగా వస్తే ఆగి, అక్కడే మళ్ళీ కొడతాడు, పెచ్చు ఊడుతుంది, కింద వేలు పట్టేంత రంధ్రం. "బాబాయ్, దీని మీద లిఫ్టెక్కిస్తే చాసిసే ఊడొస్తది, ముందు ఇది ప్లేటేయిద్దాం" అంటాడు. ఆ మాట చెప్పే మెకానిక్కు దొరికితే వదులుకోకూడదు.

చట్టం మాట క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఇదే సంగతి గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ 182ఏ సెక్షన్ పెట్టింది: అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా రెండూ. రోడ్డు మీద ఆపి పట్టుకునేది అరుదే. పసుపు బోర్డు పికప్పులకు మాత్రం ఎనిమిదేళ్ళు దాటాక ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది, అక్కడ మార్పులు దాచడం కష్టం. ఫిట్‌నెస్‌కు ముందు రోజు పాత టైర్లు వేసి, మర్నాడు మళ్ళీ మార్చుకునేవాళ్ళున్నారు. ప్రమాదం జరిగిన రోజు ఏ టైర్లున్నాయో బీమా సర్వేయరు ఫొటో తీసుకుంటాడు. కంపెనీ అదే మోడల్లో పై వేరియంట్‌కు ఇచ్చిన సైజు వరకు వెళ్తే వాదించడానికి ఒక ఆధారమైనా ఉంటుంది. ఆస్ట్రేలియాలోనో అమెరికాలోనో బంధువులు చేయించుకున్నారని పోల్చుకోవద్దు. అక్కడ కొన్ని రాష్ట్రాల్లో ఒక హద్దు దాకా వెసులుబాటు ఉంది, ఆపైన ఇంజనీరు సర్టిఫికెట్ అడుగుతారు. మన దగ్గర ఆ మధ్యదారి లేదు.

మరి ఎవరికి ఏది? తెనాలిలో ఉండి, దుగ్గిరాల పసుపు యార్డుకో గుంటూరుకో తిరిగే బండికి లిఫ్ట్ అక్కర్లేదు, పెద్ద టైరూ అక్కర్లేదు. కంపెనీ సైజులో మంచి టైర్లు, నిఖార్సైన బ్రేకులు చాలు. లంకల్లోకి, చెరువుల మీదికి రోజూ దిగే బండికి కొత్త కమాన్ కట్టలు, వెనక లగ్గులున్న ఎల్‌టీ టైర్లు, బ్రీదర్ గొట్టం, ఏడాదికోసారి చాసిస్ అడుగున కడిగి తుప్పు పెయింటు. దీనికి పెట్టే ఖర్చు లిఫ్ట్ కిట్టు, వెడల్పాటి డిస్కులు, టైర్లు కలిసినదాని కంటే ఎక్కువేం కాదు. అప్పటికీ ఇరుసు తగులుతుంటే, ఒక సైజు పెద్ద టైరు, దానికి జాగా చాలకపోతే అంగుళం నుంచి అంగుళంన్నర లిఫ్ట్, అదీ పూర్తి కట్టలతో, సరైన పొడుగు షాకబ్జర్లతో. బాపట్ల తీరంలో ఇసుక పొలాలకు పోయేవాళ్ళు గాలి కొలిచే గేజి, కంప్రెసరు కొనుక్కుంటే సగం బాధ తీరుతుంది. నిజంగా నేల చిత్తడైపోయి ఏ బండీ పోని చోట ట్రాక్టరే పోవాలి. దానికి కేజ్ వీల్స్ ఉన్నాయి, వాటితో తారెక్కితే రోడ్డు పాడవుతుందని ఊళ్ళో అందరూ తిట్టుకునే సంగతి వేరే. సరదా కోసం పాత జీపును లేపుకోవాలనుకునే కుర్రాడికి నేను అడ్డం చెప్పను. స్టీరింగు, ప్రొపెల్లర్ షాఫ్ట్, బ్రేకులు సగంలో వదలకుండా చేయించుకుని, దాంతో లోడు తోలకుండా ఉంటే చాలు.

ఎవరూ అడగని విషయం ఇంకొకటి మిగిలింది, స్టెప్నీ. నాలుగు టైర్లు పెద్దవి వేసి, స్టెప్నీ మాత్రం పాత సైజుదే వదిలేస్తారు, డబ్బు మిగులుతుందని. వెనక రెండు చక్రాలు చెరో ఎత్తులో ఉంటే డిఫరెన్షియల్ తారు మీద పోయినంతసేపూ తిరుగుతూనే ఉండాలి. ఫోర్‌వీల్ వేసిన జీపులో అయితే ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకదాన్నొకటి పీక్కుని, గేరు బాక్సు పక్కనుండే ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడతాయి. కాబట్టి ఐదోదీ అదే సైజు కొనాలి. కొన్నాక అది పికప్పు తొట్టి కింద గొలుసుకు వేలాడే చోట పట్టదు. తొట్టిలో పడేస్తే రెండు మూడు బస్తాల చోటు తింటుంది.